రిసెప్షన్ బల్ల మీద బ్యాక్‌బోన్

ఆవిడ పోయిందన్న సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. పాత కంపెనీ వాళ్ళం కొందరం పెట్టుకున్న గ్రూపు ఒకటుంది. పండగలకి దండాలు, పుట్టినరోజులకి కేకు బొమ్మలు తప్ప అందులో వేరే ఏమీ రావు. మొన్న మాత్రం మా పాత జనరల్ మేనేజరు గారు పొడుగాటి సందేశం పెట్టారు. "చిరునవ్వుతో అందరికీ స్వాగతం పలికిన మన రిసెప్షనిస్టు మేడం ఇక లేరు. నా మార్గదర్శకత్వంలో ఆవిడ ఎంతో ఎదిగారు" అని. కింద పాతికమంది చేతులు జోడించారు.

ఆ సందేశంలో నిజం ఒక్కటే, ఆవిడ ఇక లేకపోవడం. ఆవిడ ఎవరికీ చిరునవ్వుతో స్వాగతం పలికిన మనిషి కాదు. గుమ్మంలోకి ఎవరొచ్చినా కళ్ళజోడు పైనుంచి ఒకసారి చూసి "చెప్పండి, వింటున్నాను" అనేది. ఫోనెత్తినా అదే మాట. హలో అనగా నేను వినలేదు. ఇక మార్గదర్శకత్వం సంగతంటారా, దాని గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రెండు వేల ఎనిమిది ప్రాంతంలో నేను గుంటూరులో ఒక చిన్న టెలికాం కంపెనీలో ఇంజనీరుగా చేరాను. గుంటూరు నుంచి ఒకవైపు సత్తెనపల్లికీ, ఇంకోవైపు చీరాల మీదుగా ఒంగోలుకీ భూమిలో కేబులు వేసి, దాని మీద మిర్చి వ్యాపారుల ఆఫీసుల్నీ పత్తి మిల్లుల్నీ కోల్డ్ స్టోరేజీల్నీ కలపడం మా వ్యాపారం. సత్తెనపల్లి కొట్లో గుమాస్తా కంప్యూటరు మీద కొట్టింది గుంటూరు కొట్లో ప్రింటవ్వాలి. మధ్యలో ఇంకెవరి కంటా పడకూడదు.

నేను చేరిన రోజున నాకు కేబుళ్ళన్నీ వచ్చి కలిసే బాక్సుల గది చూపించినవాళ్ళు లేరు. ఇంజనీర్ల గదిలో ఇద్దరు కూర్చుని హైదరాబాదు ఉద్యోగాలకి దరఖాస్తులు నింపుకుంటున్నారు. "ఏదన్నా డౌటొస్తే మేడంని అడుగు" అన్నాడు ఒకడు. ఏ మేడం అన్నాను. వాడు గడ్డంతో రిసెప్షన్ వైపు చూపించాడు.

అద్దాల తలుపు పక్కన అర్ధచంద్రం ఆకారంలో బల్ల. బల్ల మీద ప్లాస్టిక్ పూలు, విజిటర్ల పుస్తకం, ఒక ఫోను, ఒక కంప్యూటరు. వెనకాల నేత చీరలో, చెంగు భుజం చుట్టూ కప్పుకుని నలభై అయిదేళ్ళావిడ. ఎడమ చెవి మీద జుట్టు ఎప్పుడూ అణిగి ఉండేది. ఏళ్ళ తరబడి అక్కడ హెడ్‌ఫోను పెట్టుకున్న గుర్తు అది. మాట్లాడుతూ మాట్లాడుతూ, లేని హెడ్‌ఫోనుని చేత్తో సరిచేసుకునేది.

ఆవిడది వేటపాలెం. జీడిగింజలు కొట్టే సాయిబుల ఇల్లు. పదో తరగతి అయ్యాక చీరాల వైపు ఒక పొగాకు కంపెనీలో టెలిఫోను బోర్డు మీద కూర్చుంది. ఫలానావారు కావాలని ఒకరడిగితే తీగ తీసి ఫలానావారి రంధ్రంలో గుచ్చడం ఆ ఉద్యోగం. అలా పద్దెనిమిదేళ్ళు గుచ్చింది. తర్వాత వాటంతటవే కలుపుకునే యంత్రాలొచ్చాయి, బోర్డూ పోయింది, ఆవిడ కుర్చీ కూడా పోయింది. మా కంపెనీలో రిసెప్షన్ ఖాళీ ఉందంటే వచ్చి చేరింది. కాగితం మీద ఆవిడ హోదా 'ఫ్రంట్ ఆఫీస్ అసిస్టెంట్'.

ఆ హోదాతోనే ఆవిడ రెండు జిల్లాల నెట్‌వర్కు నడిపేది.

అదెలా మొదలైందో ఆవిడే చెప్పింది. ఏ లైనన్నా పడిపోతే ఇంజనీరు మోటారు సైకిలేసుకుని ఊళ్ళ మీద పడేవాడు. అక్కణ్ణుంచి ఆఫీసుకి ఫోన్ చేసి, "మేడం, ఆ తెర మీద నేను చెప్పే ముక్క కొట్టండి" అనేవాడు. ఆవిడ కొట్టేది. "అర్థం తెలియని ముక్క కొట్టాలంటే నాకు చెయ్యి రాదు నాయనా" అనేది నాతో. అందుకని బాక్సులమ్మిన కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేసి, ఈ ముక్కకి అర్థమేంటి, కొట్టకపోతే ఏమవుతుంది, తప్పు కొడితే ఏమవుతుంది అని అడిగేది. బెంగుళూరులో ఉండే ఆ సహాయకులు ఆవిడ గొంతు గుర్తుపట్టేవాళ్ళు. కొన్నాళ్ళకి వాళ్ళే ఎదురు ఫోన్ చేసి, "మేడం, మీ దగ్గర ఇది ఎలా పనిచేసింది" అని అడగడం నేను విన్నాను. ఇంజనీర్లు వచ్చారు, ఆరు నెలలు ఆవిడ దగ్గర నేర్చుకున్నారు, హైదరాబాదు వెళ్ళిపోయారు. ఆవిడ అక్కడే ఉండిపోయింది.

ఆవిడ పని చేసే పద్ధతి చూస్తే కొత్తవాళ్ళకి నవ్వొచ్చేది. ఒక వరస కొట్టాక వెంటనే ఎంటర్ నొక్కేది కాదు. రెండు చేతులూ కీబోర్డు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, కొట్టిందాన్ని మొదట్నుంచీ పైకి చదివేది. అంకెలైతే ఒక్కొక్కటీ విడదీసి తెలుగులో చదివేది. అప్పుడు చూపుడు వేలొక్కటే పైకెత్తి ఎంటర్ మీద దించేది. నేను నవ్వితే, "బోర్డు మీదున్నప్పుడు ఒకసారి తీగ తప్పు గుచ్చాను. మేనేజరు భార్య మాట్లాడేది గోడౌను వాచ్‌మన్‌కి వినపడింది. పాపం వాడికి ఉద్యోగం పోయింది. విన్నందుకు" అంది.

ఆఫీసులో ఎవరి గురించి ఎవరేమన్నా ఆవిడ నోట వచ్చే మాట ఒకటే. "అది నా లైను కాదు." జనరల్ మేనేజరు గారి గురించి, కొత్తగా చేరిన అకౌంట్స్ అమ్మాయి గురించి, యజమానుల తగాదాల గురించి ఎంత ఊరించినా అదే జవాబు.

బల్ల సొరుగులో ఒక స్టీలు డబ్బా ఉండేది. అందులో ఇంటి నుంచి తెచ్చిన జీడిపప్పు ముక్కలు. అవి ఎవరికి పడితే వాళ్ళకి పెట్టేది కాదు. ఏదన్నా లైను ఆగిపోగానే ఇంజనీర్ల గదిలోకొచ్చి, "ఎవరేం ముట్టుకున్నారు" అనడిగేది. "ఏమీ ముట్టుకోలేదు మేడం" అని అందరం ఒక్క గొంతుతో అనేవాళ్ళం. ఏ ఒక్కడన్నా "ఫలానా పోర్టు మార్చాను మేడం" అని ఒప్పుకుంటే వాడికి గుప్పెడు జీడిపప్పు దొరికేది. నేను మొదటి ఏడాదంతా ఆ డబ్బా మూత చూడ్డమే గానీ లోపలేముందో చూడలేదు.

ఆ ఏడాదే కంపెనీ కొత్త బాక్సులు కొన్నది. ఖాతాదారులు పెరిగారు, పాత పద్ధతిలో ఒక్కొక్కరి లైనుకీ ఇవ్వడానికి నాలుగు వేల చిల్లరకి మించి నంబర్లు లేవు. కొత్త పద్ధతి పేరు ప్రొవైడర్ బ్యాక్‌బోన్ బ్రిడ్జింగ్. దీనికి నంబర్లు కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు. గుంటూరులో ఒక హోటలు హాల్లో రెండు రోజుల శిక్షణ పెట్టారు. ఇంజనీర్లం ముందు వరసలో కూర్చున్నాం. ఆవిణ్ణి గుమ్మం దగ్గర కుర్చీ వేసి హాజరు వేయించుకోవడానికి కూర్చోబెట్టారు.

వచ్చినాయన తెర మీద రంగురంగుల పెట్టెలు చూపించి ఇంగ్లీషులో రెండు రోజులు చెప్పాడు. రెండో రోజు భోజనాలయ్యాక, ఏమన్నా ప్రశ్నలున్నాయా అన్నాడు. మా దగ్గర ప్రశ్నలు లేవు. ప్రశ్న అడగాలన్నా కొంత అర్థమవ్వాలి కదా. గుమ్మం దగ్గర్నుంచి ఆవిడ అడిగింది.

"లోపలి చిరునామా ఖాతాదారుడిది, బయటి చిరునామా మనది అంటున్నారు కదండీ. మధ్యలో ఉన్న బాక్సు లోపలిది చూడక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"అయితే సత్తెనపల్లి మిల్లు వాళ్ళు యాభై కొత్త కంప్యూటర్లు పెట్టుకున్నా దారి మధ్యలో మనం ఏమీ ముట్టుకోనక్కర్లేదు. రెండు కొసల్లో సర్వీసు నంబరొకటి సరిగా ఉంటే చాలు."

ఆయన తన పెట్టెల బొమ్మ వైపు ఒకసారి, ఆవిడ వైపు ఒకసారి చూసి, "రెండు రోజులుగా నేను చెబుతున్నది అదే" అన్నాడు. తర్వాత సర్టిఫికెట్లు ఇవ్వడానికి హాజరు పట్టీ తీసుకుని ఆవిడ పేరు కోసం వెతికాడు. పట్టీ రాసిన మనిషి పేరు పట్టీలో లేదు. సర్టిఫికెట్టు నాకిచ్చాడు.

మర్నాడు ఆఫీసులో నేనే వెళ్ళి ఆవిణ్ణి అడిగాను, ఇదేంటో చెప్పమని. "మా ఊళ్ళో జీడిపప్పు డబ్బాల్లో పోస్తారు. డబ్బా మీద కొన్నవాడి పేరుంటుంది. ఆ డబ్బాల్ని అట్టపెట్టెలో పెట్టి లారీకెక్కిస్తారు. పెట్టె మీద ఒక నంబరు వేస్తారు. లారీ వాడు పెట్టె మీద నంబరే చూస్తాడు గానీ డబ్బా మీద పేరు చదవడు. ఆ కొసన పెట్టె విప్పి డబ్బా ఇస్తారు. నువ్వు ఒక్కటే చూసుకో. ఇద్దరి పెట్టెల మీద ఒకే నంబరు పడకూడదు" అంది. నాకు ఆ రోజు అర్థమైంది.

బాక్సులమ్మిన కంపెనీ నియమం ప్రకారం ప్రతి సర్వీసుకీ, అంటే ఖాతాదారుడికిచ్చే ప్రతి లైనుకీ, ఒక కాగితం ఉండాలి. 'కాన్ఫిగర్ చేసినవారు' అన్న గడిలో సర్టిఫికెట్టు ఉన్న ఇంజనీరు సంతకం ఉండాలి. సర్టిఫికెట్టు తీసుకున్న మిగతావాళ్ళు హైదరాబాదు దారి పట్టారు. ఇక సర్టిఫికెట్టు ఉన్నది నాకు, పని చేసేది ఆవిడ. సాయంత్రం అయిదింటికి ఆవిడ ఆ రోజు చేసిన సర్వీసుల కాగితాలు నా బల్ల మీద పెట్టేది. నేను చదవకుండా గడిలో గిలికేవాణ్ణి. రెండు జిల్లాల మిర్చి, పత్తి, పొగాకు అన్నీ నా సంతకం మీద నడిచాయి.

ఇక మా జనరల్ మేనేజరు గారు. ఆయనకి నెట్‌వర్కు తెలియదు గానీ అంకెలంటే ప్రాణం. అంకెల శాస్త్రం చెప్పే ఒకాయన మాట విని తన పేరు ఇంగ్లీషులో రాసేటప్పుడు ఇంకో 'ఏ' చేర్చుకున్నారు. కారు నంబరు కూడితే తొమ్మిది రావాలి, సెల్లు నంబరు కూడితే తొమ్మిది రావాలి. కొత్త పద్ధతిలో కోటికి పైగా నంబర్లున్నాయని వినగానే ఆయన మొహం వెలిగింది. ఆ రోజు నుంచీ ప్రతి ఖాతాదారుడికీ కూడితే తొమ్మిదొచ్చే నంబరే ఇవ్వాలని ఉత్తర్వు. ఆవిడ, "తొమ్మిదైతే ఏం, ఏడైతే ఏం. ఎవరిది వాళ్ళకుంటే చాలు" అని ఒక పట్టీ తయారుచేసుకుంది.

మా ఖాతాదారుల్లో ఇద్దరు మిర్చి వ్యాపారులుండేవారు. ఒకాయనకి సత్తెనపల్లిలో కొట్టు, ఇంకొకాయనకి చీరాలలో. ఇద్దరికీ గుంటూరులో ఆఫీసులున్నాయి. ఇద్దరూ వియ్యంకులు. పెళ్ళయిన మూణ్ణెల్లకే ఏదో మాట వచ్చి మాటలు మానేశారు. మాటలు లేకపోయినా అంకెల శాస్త్రం చెప్పేవాడు మాత్రం ఇద్దరికీ ఒకడే.

సత్తెనపల్లి ఆయన అయిదు తొమ్మిదులున్న నంబరు తీసుకున్నాడు. పది రోజులకి చీరాలాయన మా ఆఫీసుకొచ్చి జనరల్ మేనేజరు గారి గదిలో కూర్చున్నాడు. తనకీ అదే నంబరు కావాలన్నాడు. తన జాతకానికి అయిదు తొమ్మిదులు తప్ప ఇంకేదీ పనికిరాదట. జనరల్ మేనేజరు గారు ఆవిణ్ణి పిలిపించారు. కాగితం పట్టుకుని వెనకే నేనూ వెళ్ళాను.

"ఈయనకీ అదే నంబరిచ్చెయ్యమ్మా."

"కుదరదండి. అది వేరేవాళ్ళకుంది."

"వాళ్ళది సత్తెనపల్లి, వీళ్ళది చీరాల. దిక్కులే వేరు కదా."

"కొసలు వేరైనా గుంటూరులో ఇద్దరూ మన బాక్సులోకే వస్తారు సార్. ఒకే నంబరిస్తే బాక్సుకి ఇద్దరూ ఒకటే. ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టినట్టు."

జనరల్ మేనేజరు గారు చీరాలాయన వైపు చూసి నవ్వి, "కూర్చోనివ్వండి. ఎటూ వియ్యంకులే కదా" అన్నారు. చీరాలాయన కూడా మొహమాటానికి నవ్వాడు.

"సార్, ఇంకోసారి చెబుతున్నాను."

"మీరు రిసెప్షన్ చూసుకోండమ్మా. ఇవన్నీ ఇంజనీర్లు చూసుకుంటారు" అన్నారాయన. అదే ఊపిరిలో, "పది నిమిషాల్లో చేసి చెప్పండి, ఈయన వెయిట్ చేస్తున్నారు" అన్నారు.

ఆవిడ నా వైపు చూసింది. ఇంజనీరుని నేను. కాగితం నా చేతిలో ఉంది. నేను కాగితం చూసుకున్నాను.

బల్ల దగ్గరికొచ్చి ఆవిడ ఆ వరస కొట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది అని చదివింది. ఆ రోజు వేలు పైకెత్తి చాలాసేపు ఆపింది. తర్వాత దించింది. సాయంత్రం కాగితం నా బల్ల మీదికొచ్చింది. సంతకం పెట్టాను.

రెండు రోజులు ఏమీ కాలేదు. ఆ ఇద్దరి ఆఫీసుల్లోనూ కంప్యూటర్లు పెట్టింది ఒకే కొట్టాయన. ఆయన ఎక్కడ ప్రింటరు పెట్టినా దానికి నెట్‌వర్కులో ఒకే అడ్రసు ఇచ్చేవాడట, గుర్తుండటం తేలికని. మూడో రోజు పొద్దున సత్తెనపల్లి కొట్లో గుమాస్తా ఒక ఉత్తరం కొట్టి గుంటూరు ఆఫీసు ప్రింటరుకి పంపాడు. మద్రాసు వైపు కొనుగోలుదారుడికి రాసిన ఉత్తరమది. "మా వియ్యంకుడి కోల్డ్ స్టోరేజీలో ఉన్నది నిరుటి సరుకు. రంగు దిగిపోతే నూనె పట్టించి ఎర్రగా చూపిస్తున్నారు. మా మాట విని జాగ్రత్తపడండి." ఆ కాగితం తమ ఆఫీసులో రాలేదు. వియ్యంకుడి ఆఫీసులో, వియ్యంకుడు కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతుండగా, ఆయన మోచేతి పక్కన ప్రింటరులోంచి మెల్లగా బయటికొచ్చింది.

ఆయన దాన్ని చదువుకుని, ఇంత ధైర్యంగా నాకే పంపుతాడా అనుకున్నాడట. లేచి వాళ్ళాఫీసుకి బయల్దేరేసరికి, సత్తెనపల్లి ఆయనే ఎదురొస్తున్నాడు. ఆయన చేతిలోనూ ఒక కాగితం ఉంది. అది చీరాల కొట్టు నుంచి, అదే కొనుగోలుదారుడికి, ఈయన సరుకు గురించి. నిరుటి సరుకు, రంగు, నూనె. గుమాస్తాలు వేరైనా మాటలు దాదాపు ఒకటే.

పదకొండు గంటలకి ఇద్దరూ మా రిసెప్షన్ సోఫాలో కూర్చున్నారు. మూడేళ్ళలో వాళ్ళు ఒక గదిలో కూర్చోవడం అదే మొదలు. జనరల్ మేనేజరు గారు వెనక తలుపు నుంచి ఏదో సైటు చూడాలని వెళ్ళిపోయారు. ఆవిడ లేచి నిలబడి, "తప్పు మాదేనండి. చీరాల వారి నంబరు ఇప్పుడే మార్చాను. ఇక ఎవరి కాగితం వాళ్ళకే వస్తుంది" అంది.

సత్తెనపల్లి ఆయన తన చేతిలో కాగితం మడుస్తూ, "ఇది మీరు చదివారా?" అన్నాడు.

"అది నా లైను కాదండి."

వాళ్ళిద్దరూ మొదటిసారి ఒక మాట మీద నిలబడ్డారు. ఈ పని ఎవరు చేశారో పేరు పెట్టి కాగితం రాసివ్వాలి, లేకపోతే మిర్చి యార్డులో వ్యాపారులందరి చేతా మా లైన్లు పీకించేస్తామన్నారు.

హైదరాబాదు ఆఫీసు నుంచి ఇద్దరు విచారణకి వచ్చారు. మీటింగు గదిలో పొడుగు బల్ల. ఒకవైపు వాళ్ళిద్దరూ జనరల్ మేనేజరు గారూ, ఎదురుగా నేను. బల్ల చివర మినిట్స్ రాయడానికి ఆవిడ.

వాళ్ళలో పెద్దాయన చీరాల సర్వీసు కాగితం నా ముందుకి తోశాడు. "ఈ సంతకం మీదేనా?"

"నాదేనండి."

"అయితే ఈ నంబరిచ్చింది మీరు."

జనరల్ మేనేజరు గారు నా వైపు దయగా చూసి, "కుర్రాడండి. కొత్త. పొరపాటు చేసుంటాడు" అన్నారు. నేను కాదని అనలేను, అంటే రెండేళ్ళ సంతకాలు అబద్ధమని చెప్పాలి. అవునని కూడా అనలేకపోయాను.

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "ఆ నంబరు కొట్టింది నేనండి."

పెద్దాయన ఆవిడ వైపు చూడకుండానే, "మీరు మినిట్స్ రాయండమ్మా" అన్నాడు.

"అదే, రాద్దామనే. ఎవరు కొట్టారని రాయను?"

అప్పుడే ఆవిడ ముందున్న ఫోను మోగింది. ఎక్కడో రోడ్డు పని చేసేవాళ్ళు కేబులు తవ్వేశారు, ఒంగోలు వైపంతా పడిపోయింది. ఆవిడ "క్షమించండి" అని లేచి బయటికెళ్ళింది. గది అద్దంలోంచి రిసెప్షన్ కనిపిస్తోంది. ఆవిడ కొట్టడం, చేతులు ఒళ్ళో పెట్టుకోవడం, పెదాలు కదపడం, వేలు దించడం అందరం చూస్తున్నాం. హైదరాబాదు వాళ్ళలో చిన్నాయన నన్నడిగాడు, "మీరు వెళ్ళరా?"

"మేడం చూసుకుంటారండి" అన్నాను. అలవాటు కొద్దీ వచ్చేసిన మాట. రెండేళ్ళుగా ఆ ఆఫీసులో నేను చెప్పిన నిజం బహుశా అదొక్కటే.

ఎనిమిది నిమిషాల్లో ఒంగోలు వైపు వేరే దారిన లేచింది. ఆవిడ లోపలికొచ్చి కూర్చుని, పెన్ను తీసుకుని, "చెప్పండి, వింటున్నాను" అంది.

ముందు తేరుకున్నది జనరల్ మేనేజరు గారు. రిసెప్షనిస్టు అనధికారంగా యంత్రాన్ని ముట్టుకుందని రాస్తే అందరికీ మంచిదన్నారు. సర్టిఫికెట్టు ఉన్న ఇంజనీరు తప్పు చేశాడంటే కంపెనీ పరువు పోతుంది. రిసెప్షనిస్టు చేసిందంటే కంపెనీ మీద జాలి కలుగుతుంది. హైదరాబాదు వాళ్ళు ఒప్పుకున్నారు. ఆవిడ దాన్నీ మినిట్స్‌లో రాసింది.

బయటికొచ్చాక నేను ఆవిడ బల్ల దగ్గర నిలబడి, "మేడం, నన్ను కాపాడటానికి మీరు..." అన్నాను. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయనుకుంటా.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నిన్ను కాపాడటానికి కాదు నాయనా. ఆరేళ్ళ నుంచీ చేస్తున్నాను. మంచిగా నడిచినప్పుడు నా పేరు ఎక్కడా రాయలేదు. ఒక్కటి చెడింది. దాని మీద కూడా నీ పేరేనా?"

నేను వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను. ఆ రోజు అయిదింటికి నా బల్ల మీదికి కాగితాలు రాలేదు.

ఆవిడకివ్వాల్సిన మెమో రాసే పని పర్సొనెల్ ఆఫీసరు మీద పడింది. పాపం ఆయన సెలవు చీటీలు తప్ప ఏమీ రాయని మనిషి. మొదటిసారి "సదరు రిసెప్షనిస్టు వైర్లు తప్పుగా గుచ్చినందున" అని రాసి తెచ్చాడు. ఆవిడ చదివి వెనక్కిచ్చింది.

"నేను వైర్లు ముట్టుకోలేదండి. చెయ్యని తప్పుకి జవాబు చెప్పను."

మర్నాడు "కంప్యూటరులో వైరస్ పెట్టినందున" అని తెచ్చాడు. అదీ వెనక్కెళ్ళింది. జనరల్ మేనేజరు గార్ని అడిగితే, "అంతా మీకే చెప్పాలా" అని కసిరారట. మూడో రోజు ఆయన తెల్ల కాగితం, పెన్ను పట్టుకుని రిసెప్షన్ బల్ల ముందు విజిటర్ల కుర్చీలో కూర్చున్నాడు.

"మేడం, మీరేం తప్పు చేశారో మీరే చెబుదురూ. రాసుకుంటాను. సాయంత్రానికి పంపకపోతే నాకు మెమో ఇచ్చేలా ఉన్నారు."

"రాసుకోండి" అంది ఆవిడ.

వచ్చీపోయే వాళ్ళకి "చెప్పండి, వింటున్నాను" అంటూ, ఫోన్లెత్తుతూ, మధ్యమధ్యలో ఆవిడ తన అభియోగాన్ని చెబుతూ పోయింది. ఒకటిన్నర పేజీ అయింది. ఆరేళ్ళుగా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో కంపెనీ సర్వీసులన్నిటినీ సదరు ఉద్యోగిని ఒక్కరే కాన్ఫిగర్ చేస్తున్నారనీ, ప్రొవైడర్ బ్యాక్‌బోన్ బ్రిడ్జింగ్ వచ్చినప్పటి నుంచీ ఖాతాదారుల పోర్టుల్ని సర్వీసు నంబర్లకి జతచేయడం, ఆ సర్వీసుల్ని బ్యాక్‌బోన్ మీద దారిపట్టించడం, కేబులు తెగినప్పుడు వేరే దారికి మళ్ళించడం ఆవిడే చూస్తున్నారనీ, ఇంతటి అనుభవం ఉండి కూడా ఇద్దరు ఖాతాదారులకి ఒకే నంబరివ్వడం తెలిసి చేసిన నిర్లక్ష్యమనీ. ఆయన అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు. మధ్యలో 'బ్రిడ్జింగ్' స్పెల్లింగు కూడా ఆవిడే చెప్పింది.

జనరల్ మేనేజరు గారు చివరి వరస చదివారు. 'నిర్లక్ష్యం' అన్న మాట కనిపించింది. సంతోషంగా, అదనపు 'ఏ' తో సహా పూర్తి సంతకం పెట్టి కంపెనీ ముద్ర వేయించారు. ఆయన చెబితేనే ఆ నంబరిచ్చానన్న మాట అందులో ఎక్కడా లేదు. అదెందుకు చెప్పలేదని అడిగాను.

"అది ఆయన తప్పు. ఆయన మెమోలో రాసుకుంటాడు" అంది.

మెమో అందినట్టు సంతకం చేసి, ఒక జిరాక్సు తీయించుకుంది. ఆ జిరాక్సు కిందే రాజీనామా రాసి ఇచ్చేసింది. అసలు కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి సంచిలో వేసుకుని, విజిటర్ల పుస్తకంలో తను బయటికెళ్ళిన టైము రాసి వెళ్ళిపోయింది.

తర్వాత ఏం జరిగిందో ఒంగోలులో ఇంకో నెట్‌వర్కు కంపెనీ మేనేజరు నాకు చెప్పాడు. ఇంటర్వ్యూకి వచ్చి, అనుభవం సర్టిఫికెట్టు ఏదంటే మెమో తీసి ఆయన ముందు పెట్టిందట. ఆయన రెండుసార్లు చదువుకుని, "మీ అనుభవం గురించి మీ కంపెనీయే ముద్ర వేసి ఇచ్చింది. ఇక అడగడానికి ఏముంది. ఈ తప్పు మళ్ళీ చేస్తారా?" అన్నాడట. "చెప్పేవాళ్ళు మళ్ళీ చెప్పొచ్చండి. చెయ్యి నాది కాబట్టి చెయ్యను" అందట. ఆ నెలలోనే ఆవిడ మెళ్ళో వేసుకున్న కార్డు మీద 'నెట్‌వర్క్ ఇంజనీర్' అని అచ్చయింది.

ఇక్కడ మా గుంటూరు ఆఫీసులో రిసెప్షన్‌కి నిజంగానే చిరునవ్వు నవ్వే అమ్మాయి వచ్చింది. లైనేదన్నా పడితే ఇంజనీర్లం ఒకరి మొహాలొకరం చూసుకునేవాళ్ళం. ఏడాది తిరక్కుండానే ఖాతాదారులు ఒక్కొక్కరే ఒంగోలు కంపెనీకి మారారు. ముందు మారినవాళ్ళు ఆ వియ్యంకులిద్దరూ. మా కంపెనీని ఎవరో కొనుక్కుని తలుపులు వేశారు.

నేను కూడా ఒంగోలు కంపెనీకే దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూ గదిలో మేనేజరు పక్కన ఆవిడ కూర్చుని ఉంది. మెళ్ళో కార్డు, ముందు నా కాగితాలు. నన్ను ఎరగనట్టు కూర్చోలేదు, ఎరిగినట్టు నవ్వనూ లేదు. నేను చేశానని రాసుకున్న సర్వీసుల పట్టీ తీసి పైకి చదవడం మొదలుపెట్టింది. సత్తెనపల్లి పత్తి మిల్లు. నరసరావుపేట కోల్డ్ స్టోరేజీ. చీరాల నేత సొసైటీ. ఒక్కో పేరు చదివి, నేనేమన్నా చెబుతానేమోనని ఆగింది.

నాలుగో పేరు పూర్తి కాకముందే నేను ఆపాను. "మేడం, అవి మీరు చేసినవి" అన్నాను.

"ఎన్ని?"

"అన్నీ."

"మరి నువ్వేం చేశావు?"

"సంతకాలు పెట్టాను."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి కిటికీలోంచి బయటికి చూశాడు. ఆవిడ దరఖాస్తులో హోదా గడిలో నేను రాసుకున్న 'సీనియర్ ఇంజనీర్' మీద అడ్డంగా ఒక గీత గీసింది. పైన 'ట్రైనీ' అని రాసింది. కాగితాన్ని నా వైపు తిప్పి, పెన్ను దాని మీద పెట్టింది.

"ఇష్టమైతే ఇక్కడ సంతకం పెట్టు. ఈసారి చదివి పెట్టు."

చదివే పెట్టాను.